ఐదు మూరల ఘోడా

మా చిన్నప్పుడు మా బర్రె లచ్చి నోటుబుక్కులో పట్టేది కాదు... కొమ్ములు వేస్తే తోకకు చోటుండదు, తోక వేస్తే కొమ్ములు మార్జిన్ దాటేవి. ఉన్నదాన్ని ఉన్నంత వేయాలని నా పంతం. అప్పుడు నాకు పదకొండేళ్లు. కార్వాన్ బస్తీలో మా బాపుది పాల వ్యాపారం.

ఖాళీ దాణా సంచులు విప్పి, కలిపి కుట్టి, సున్నం పూశాను. వాకిట్లో పరిచి బొగ్గుతో మొదలుపెడితే... మోకాళ్ల కింద పడి సగం బొమ్మ చెరిగిపోయేది. మిగతా సగం మీద దూడ నడిచేది.

పెద్ద బొమ్మలు నిలబెట్టి వేస్తారని, దానికి ఈజిల్ అనే చట్రం ఉంటుందని బడిలో డ్రాయింగ్ టీచరు చెప్పింది. ఇంటికొచ్చేదాకా ఆ మాటే జపం చేస్తూ వచ్చాను.

పాత కొట్టం విప్పినప్పటి వాసాలు గోడవారగా పడి ఉండేవి. వాటిని ఈడ్చుకుంటూ మా గల్లీ వడ్రంగి రహీం చాచా దగ్గరికి వెళ్లాను. బొమ్మ నిలబెట్టేది, వెనక ఒక కాలుండేది అని చేతులు తిప్పి చెబితే, "అరే, ఘోడా బోలో నా!" అన్నాడు. సున్నాలేసేవాళ్లు ఎక్కి నిలబడే కర్ర చట్రాన్ని మా దగ్గర ఘోడా అంటారు, గుర్రమని. అంతే... మా ఇంట్లో ఈజిల్ పేరు ఘోడా అయిపోయింది.

"కిత్తా ఊంచా హోనా బేటీ?" ఎంత ఎత్తు కావాలని అడిగాడు.

"పాంచ్ హాత్, చాచా." నా మోచేతి నుంచి వేలి కొస దాకా ఒక మూర, అలాంటివి ఐదు... గుడ్డ కూడా అలాగే కొలిచి కుట్టాను మరి.

రెండు రోజులు ఆయన చిత్రిక పడుతుంటే పక్కన కూర్చుని గరుకు కాగితంతో రుద్దాను. మేకులు అందించాను.

మూడో రోజు నిలబెట్టాం. తీరా చూస్తే చాచా కొలిచింది తన మూరతో! ఆరడుగుల మనిషి చెయ్యి అది. ఘోడా నా తల దాటి, బాపు తల దాటి, దాదాపు ఎనిమిది అడుగులు లేచింది. ఇంటి గుమ్మంలో పట్టలేదు. నా గుడ్డ పైకర్రకు కడితే కింది కర్రకు అందలేదు... మూరెడు తక్కువ.

మా మేనత్తకు సందు దొరికింది. "గా కట్టెలేంది, గీ లొల్లేంది? ఆడివిల్ల నడి వాకిట్ల నిలవడి బొమ్మలేస్తదా? కూసోని ముగ్గేసుకుంటె సాలదా! కోసి పొయ్యిల పెట్టుండ్రి."

నాకు ఒళ్లు మండింది. ఇంట్లో ఆడవాళ్ల పనంతా వంగి చేసేదే... ఊడ్చేది, అంట్లు తోమేది, ఆఖరికి ముగ్గు కూడా. నేను నిలబడి వేయాలి. నాకు కావలసింది అదొక్కటే.

పాపం చాచా నొచ్చుకుని రంపం తీశాడు. "తేరే నాప్ కా కాట్ దేతుం బేటీ," నీ కొలతకు కోసిస్తానన్నాడు.

"నక్కో చాచా! కోయకు. గుడ్డకే ఇంకో సంచి కుడత."

అప్పటిదాకా పాల క్యాన్లు కడుగుతున్న బాపు లేచాడు. ఖాళీ దాణా డ్రమ్ము దొర్లించుకొచ్చి ఘోడా ముందు బోర్లించాడు. "ఎక్కు బిడ్డా, పైలం." మేనత్త వైపు తిరిగి, "అక్కా, అది కోయొద్దన్నది గద," అన్నాడు. మళ్లీ క్యాన్లు కడగడానికి కూర్చున్నాడు.

ఆ రాత్రే గుడ్డకు ఇంకో సంచి కుట్టి కింది కర్రకు అందించాను. వారం రోజులు బడి నుంచి వచ్చీ రాగానే డ్రమ్మెక్కేదాన్ని. లచ్చి అసలు లచ్చిని మించిపోయింది... కొమ్ములైతే మరీ. పాలకు వచ్చినవాళ్లంతా ఆగి చూశారు.

"గంత పెద్ద కొమ్ములెక్కడియే?" అంది మేనత్త.

"నీ మాటలకు మొలిచినయ్ అత్తా," అని డ్రమ్ము మీది నుంచే అన్నాను. దిగాక వీపు విమానం మోత మోగింది, అది వేరే సంగతి.

ఇప్పుడు కార్వాన్‌లో మా కొట్టమూ లేదు, బర్రెలూ లేవు. చాచా లేడు, బాపు లేడు. మొన్న చాంద్రాయణగుట్ట దగ్గర ఫ్లాటుకు మారాం. ఘోడా లిఫ్టులో పట్టలేదు.

"మధ్యలకు కోస్తే పడ్తది మేడం," అన్నాడు సామాను మోసే అన్న. మా ఆయన కూడా తలూపాడు.

నక్కో అన్నాను. ఒక కొస నేనే పట్టుకుని నాలుగంతస్తులూ మెట్ల మీదుగా మోశాను. ఇప్పుడు హాల్లో నిటారుగా ఉంది... టీవీకి చోటు లేదు. లేకపోతే ఏం?

మూరలతో కొలిచే రోజులు పోయాయి. ఇప్పుడు అందరికీ ఒకటే టేపు, ఒకటే కొలత... ఆ పైకర్ర నాకు ఇంకా అందదు. స్టూలెక్కి వేస్తున్నాను.

మీ చిన్నప్పుడు కూడా ఎవరో ఒకరు "కోసి పొట్టి చేసుకో" అన్నది ఏదో ఉండే ఉంటుంది. చెప్పండి... కోశారా, ఇంకో సంచి కుట్టారా?