అక్క చూడని రెండో భాగం

సినిమాకి రెండో భాగం తీయవచ్చునన్న బుద్ధి ఎవరికి పుట్టిందో గాని, వాడి నోట మన్ను పడ. అరవైల చివర మా శ్రీకాకుళం వైపు అలాంటిది కనీ వినీ ఎరగం. సినిమా అంటే పెళ్ళితోనో చావుతోనో అయిపోవాలి. శుభం అని వేసి మమ్మల్ని ఇళ్ళకి పంపించేశాక మళ్ళీ ఆ కొంపలోకే పిలవడం దేనికి?

మొదటిది వచ్చినప్పుడు నాకు పదిహేనేళ్ళు. కథంటూ పెద్దగా ఏమీ లేదు. ఒక ఇంటి పెద్దకోడలు చచ్చి దెయ్యమై, ఎక్కడికీ పోకుండా ఆ వంటింట్లోనే ఉండిపోతుంది. మొగుడికి తప్ప ఎవరికీ కనిపించదు. మామగారి పొడుం డబ్బా కింద పడేస్తుంది, అత్తగారి కొంగు పీటకి కట్టేస్తుంది. జనం విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధం ఎందుకు. అప్పుడే పెళ్ళయిన మా అక్కా, బావా కూడా వెళ్ళి చూసొచ్చారు. బావంటే పరాయివాడు కాదు, మా మేనత్త కొడుకే.

రెండేళ్ళు తిరక్కుండా విషజ్వరం వచ్చి అక్క పోయింది. సంవత్సరీకం పెట్టారో లేదో, పెద్దవాళ్ళు నన్ను బావకి ఇచ్చేద్దామని మాట్లాడేసుకున్నారు. అక్క పోతే చెల్లెల్ని ఇవ్వడం మాలో కొత్తేమీ కాదు. ఇల్లూ పొలమూ తెలిసిన పిల్ల, బెంగ లేదు అనుకున్నారు. నన్ను అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు. సరిగ్గా అప్పుడే ఆ దెయ్యం సినిమా రెండో భాగం దిగింది.

దాని కథ మా అత్త ముందే ఎవరి దగ్గరో వినొచ్చింది. ఈసారి దెయ్యం తన చెల్లెల్నే తీసుకొచ్చి మొగుడికి కట్టబెడుతుందట. ఇంకేముంది, దేవుడే ఆ రీళ్ళు తనకోసం పంపించాడనుకుంది అత్త. నాన్న గోగు కోతల్లో ఉండిపోయాడు. అమ్మా, అత్తా, నేనూ, తోడుగా బావా పొందూరులో బస్సెక్కి శ్రీకాకుళం మధ్యాహ్నం ఆటకి వెళ్ళాం.

"సూడవే. సూస్తే నీకే తెలుస్తాది," అంది అత్త, చిన్నపిల్లకి ఆముదం పట్టేముందు బుజ్జగించినట్టు.

చూశాను. పాత చింతకాయ పచ్చడి. అదే వంటిల్లు, అదే పీట, అదే పొడుం డబ్బా. మొదటిదాంట్లో ఒకసారి పడిన డబ్బా ఇందులో మూడుసార్లు పడింది. మా వెనక బెంచీలో ఒకాయన అది పడకముందే నవ్వడం మొదలెట్టేవాడు. పాత పాటనే గబగబా పాడించి కొత్త పాటన్నారు. జనం దానికే మురిసి ఈలలు వేశారు. ఎరిగినదాన్నే మళ్ళీ చూపిస్తే ఆ రోజులే వేరనుకుని కళ్ళు తుడుచుకునే వెర్రిమొహాలు ఉన్నంతకాలం, తీసేవాడికేం, మూడోదీ తీస్తాడు.

కొత్త ఆలోచనలు అసలు లేవనడం అన్యాయం. దెయ్యానికి నల్ల కళ్ళద్దాలు పెట్టారు. క్లబ్బులో ట్విస్టు ఆడించారు. స్కూటరెక్కించారు. గాల్లో ఎగిరిపోయేదానికి స్కూటరెందుకని నేను పైకే అన్నాను. అమ్మ నోరు ముయ్యమంది.

ఆఖర్న అసలు సంగతి వచ్చింది. దెయ్యం తన పట్టుచీర చెల్లెలికి కట్టి, తన నగలు పెట్టి, తన పీట మీద కూర్చోబెట్టింది. దీన్ని చూస్తే నన్ను చూసినట్టేనని మొగుడికి చెప్పి పొగలో కలిసిపోయింది. ఆ చెల్లెలు సినిమా మొత్తమ్మీద ఆడిన మాటలు నాలుగు, అందులో మూడు "అక్కా" అనేవే. హాలంతా చప్పట్లు. అమ్మ ముక్కు చీదుకుంది.

అత్త నా మోచెయ్యి నొక్కి, "మీ అక్కే వొచ్చి సెప్పినట్టున్నాది కదే," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. తన దువ్వెన ముట్టుకుంటేనే నా జుట్టు పట్టుకునే మనిషి మా అక్క. అలాంటిది మొగుణ్ణి పళ్ళెంలో పెట్టి ఇస్తుందా?

ఆట వదిలాక హాలు పక్కనున్న కాఫీ హోటల్లో కూర్చున్నాం. అత్త మళ్ళీ అందుకుంది. "మొదటిది సూసొచ్చి ఎంత నవ్విందని అది. వారం రోజులు నవ్వతానే ఉన్నాది. ఆ నవ్వే దీనికీ వొచ్చినాది. నువ్వు సెప్పరా, నిజవా కాదా?" అని కొడుకుని అడిగింది.

వారం రోజులుగా కూడగట్టుకున్న మాటలు ఇక ఆపుకోలేకపోయాను. "బావా, నీకు అక్క కావాల. దాని కోక కట్టి, దాని పీట మీద కూకోబెట్టినంత మాత్రాన నాను అదైపోను. నాకీ పెళ్ళొద్దు," అనేశాను.

అమ్మ మొహం మాడిపోయింది. బావ అప్పటిదాకా బస్సులో గాని హాల్లో గాని ఒక్క మాట మాట్లాడలేదు. నోట్లో నాలుక లేని మనిషని నాకు అతనంటే ఎప్పుడూ చిన్నచూపే. వాళ్ళమ్మ మొహంకేసి చూస్తాడనుకున్నాను.

చూడలేదు. గ్లాసు కింద పెట్టాడు. "అది నవ్వనేదమ్మా," అన్నాడు. "నిద్దరోయింది. ఇంటర్వెల్ కాడినుంచి నా బుజం మీద తలెట్టుకుని పడుకున్నాది. కదిపితే లేస్తాదని నానూ సినిమా సూడనేదు, అలాగే కూకున్నాను. ఇంటికొచ్చినాక మీరందరూ అడిగితే సిగ్గేసి నవ్వీసింది, అంతే."

అప్పుడు నా వైపు తిరిగాడు.

"నాకూ వద్దే. నువ్వు మంచిదానివే. కానీ నిన్ను సూసినప్పుడల్లా అది నేదని తెలుస్తాది. అలాగ బతకడం నావల్ల కాదు."

నిజం చెప్పొద్దూ, నాకు ముందు చిర్రెత్తుకొచ్చింది. నేను వద్దనాలి గాని, నన్ను వద్దనడానికి ఇతగాడెవడని. అత్త కాఫీ తాగకుండానే లేచిపోయింది.

తిరుగు బస్సులో నాకు కిటికీ పక్కన చోటు దొరికింది. అతని భుజం మీద అక్క నిద్రపోవడమే కళ్ళ ముందు ఆడుతోంది. పట్టుచీర కట్టుకుని ఆశీర్వదించే ఆ తెరమీది శాల్తీ కాదు. నోరు తెరుచుకుని పడుకునే మా అక్క. పెళ్ళయ్యేదాకా ఇద్దరం ఒకే చాప మీద పడుకునేవాళ్ళం. అక్క పోయిన రోజున నా కంట చుక్క రాలేదు. ఊళ్ళో రాతిగుండెదన్నారు, అనుకోనీ అనుకున్నాను. ఆ బస్సులో, అంతమంది ముందూ, వెక్కి వెక్కి ఏడ్చాను.

అమ్మ నా తల దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది. "ఊరుకోయే," అంది. "బావ కాపోతే ఇంకో సంబందం దొరకదేటి."