ఇంటికి నాలుగు సాళ్లు

మా చేలో వంకాయలు రెండు రకాలు. కాలువ పక్కనున్న నాలుగు సాళ్లు ఇంటికి. వాటికి పుల్లమజ్జిగ, వేపపిండి తప్ప మరేదీ తగలనివ్వరు. మిగతా ఎకరమంతా బజారుకు. దానికి వారానికోసారి పురుగుమందు. కన్నడనాట మా తెక్కలకోట చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఇదే పద్ధతి. కోడలిగా వచ్చిననాటి నుంచీ ఇంటి సాళ్ల కాయలే దేవుడికి పెట్టి, చల్లగా చూస్తున్నావు స్వామీ, మావాళ్లు తెలియక చేసేది క్షమించు అని దండం పెట్టుకుంటూ వచ్చాను.

పోయిన శ్రావణంలో ఒక పొద్దున అంగన్‌వాడీలో వంటచేసే ఆమె వంకాయల కోసం బుట్ట పట్టుకుని వచ్చింది. గర్భిణులకు అక్కడ మధ్యాహ్నం అన్నం పెడతారు. మా చేలో కలుపు తీసే పిల్ల, ఏడో నెల, అక్కడే తింటుంది. రక్తం తక్కువగా ఉంది, కూరలు బాగా తినమని నర్సు చెప్పిందట.

మా మరిది బుట్ట అందుకుని నేరుగా బజారు సాళ్లలోకి దిగాడు. ముందురోజు సాయంత్రమే మందు కొట్టించాడు. ఆ వాసన ఇంకా గట్టు మీదకు కొడుతోంది.

"ఏమప్పా, ఆ కాయలు యాడికి?"

"అంగన్‌వాడీకి వదినా. చూడు, అద్దం మాదిరి మెరుస్తాండాయి."

"మందు డబ్బా మీద ఏం రాసుండాదో చదివినావా?"

నేను బడికి పోలేదు. తెలుగూ కన్నడమూ నాన్న ఇంట్లోనే నేర్పించాడు. ఆ చీమకాళ్ల అక్షరాలు నేను కూడబలుక్కుని చదివాను. మందు కొట్టాక కొన్నాళ్లు కాయ కోయకూడదు.

"అన్నీ చదివితే సేద్యం చేసినట్లే! కడుక్కుంటార్లే. ఊరికే ఇస్తాండాం, సాలదా?"

"ఇంటి సాళ్లలోవి ఇయ్యి."

"అవి మనకు గదా!"

ఒళ్లు మండిపోయింది. ఆ సాళ్లలో వంగి కలుపు తీసింది ఆ పిల్లే. కొంగు బిగించి ఇంటి సాళ్లు ఊడ్చినట్టు కోశాను. మరిది కాయలు గట్టున కుమ్మరించి, వంటామె "సాకక్కా, సాకు" అని కన్నడంలో చాలు చాలంటున్నా ఆమె బుట్ట నింపి పంపాను.

మరిది కోసిన కాయలు చేటలో పోసి అతని ముందు పెట్టాను.

"ఈపొద్దు మనకు ఇవే. గుత్తొంకాయ చేస్తా. కడిగే చేస్తాలే."

అతను చేట ఎత్తుకుపోయి దిబ్బలో కుమ్మరించాడు. మేకలు తింటాయని పైన మన్ను కూడా కప్పాడు.

మేకల మీద ఉన్నపాటి దయ మనుషుల మీద లేదు! ఇన్నేళ్లూ దీపం ముందు నిలబడి, తెలియక చేస్తున్నారు, క్షమించు స్వామీ అని మొక్కాను. తెలియకపోవడమేమిటి? నాలుగు సాళ్లు వేరు చేసుకున్ననాడే మా ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, చట్నీపొడి వడ్డించి చెప్పాను. "ఎల్లుండి వంటామె మళ్లీ వస్తాది. ఇంటి సాళ్లలో పిందెలే ఉండాయి. ఎకరమంతా ఇంటికి చేసినట్లే చెయ్యాల."

"సగం పురుగే తింటాది వదినా."

"మనం నోట పెట్టనిది ఊరికి పెట్టేదానికన్నా, పురుగుకు పెట్టేదే మేలప్పా."

అతను తల వంచుకుని రొట్టె తుంచుతూనే ఉన్నాడు. ఇంకో రొట్టె వేయమని అడగలేదు. నేనూ వేయలేదు.