సదానందం వేసిన నేతముడి

2023 ఎండాకాలం. కోరుట్ల, జగిత్యాల ఫైర్ స్టేషన్లలో పనిచేసి, లీడింగ్ ఫైర్‌మన్‌గా సిరిసిల్లకు వచ్చాను. ఇక్కడ చాలా ఇళ్లలో కింద సాంచాలు, అంటే మరమగ్గాలు, పైన కాపురం. కింద నూలుకు నిప్పంటుకుంటే పొగ మెట్ల మీదుగా పైకే పోతుంది. అందుకే కిటికీ గ్రిల్‌లో లోపలినుంచి తెరుచుకునే చిన్న తలుపు పెట్టించుకోమని ఇంటింటికీ చెప్పి నా నోరు నొప్పిపుట్టేది.

సాంచాలు నడిపే సదానందం పెట్టించుకున్నాడు. మెచ్చుకున్నాను కూడా. దొంగల భయంతో ఆ కిటికీకి విండో అలారం బిగించాడు. రెక్కకు ఒక ముక్క, చట్రానికి ఒక ముక్క. రెండూ విడిపోతే కూత పెడుతుంది.

ఒక మధ్యాహ్నం ఆ ఇంటినుంచే ఫోన్. మేం వెళ్లేసరికి కింద సాంచాల షెడ్డు మండుతోంది, మెట్ల నిండా పొగ. పైగదిలో సదానందం తల్లి రాజవ్వ ఒక్కతే ఉంది. మావాళ్లు నీళ్లు కొడుతుంటే నేను బీఏ సెట్, అంటే ఊపిరికి గాలి అందించే సిలిండర్, వీపున వేసుకుని నిచ్చెనెక్కాను. అద్దం వెనక ముసలామె రెండు చేతులతో నెడుతోంది. కిటికీ కదలదు. రెక్కనూ గ్రిల్ తలుపునూ కలిపి పాలిస్టర్ నూలుతో చుట్టలు చుట్టలుగా కట్టి ఉంది. పైన నేతముడి, లాగేకొద్దీ బిగుసుకునేది.

“ఎవలు కట్టిన్రు గిది?” అని నిచ్చెన మీదినుంచే అరిచాను.

“నేనే సార్! సాంచాలు నడిస్తే గోడలు అదురుతయ్, రెక్క కదులుతది, గా అలారం ఊకె మొత్తుకుంటది. ఇంట్ల ఉండనిస్తలేదు!” అన్నాడు సదానందం కిందినుంచి.

“లూజైన గడియ బిగిస్తే పోయేదానికి ముడేస్తవా?”

అద్దం పగలగొట్టి, చెయ్యి లోపలికి పెట్టి కత్తితో కోశాను. పొగలో రాజవ్వ మొహం కనబడడం లేదు. దగ్గు కూడా ఆగిపోయేసరికి నిజంగా భయమేసింది. ఆఖరి పోగు తెగి రెక్క తెరుచుకోగానే అలారం కూసింది.

“సార్, అలారం మంచిగనే పనిచేస్తున్నది!” అన్నాడు సదానందం. నేను నిచ్చెన మీద ఉన్నాను కాబట్టి బతికిపోయాడు.

రాజవ్వను భుజాన వేసుకుని దించాను. దవాఖానాలో తేరుకుంది.

అప్పటినుంచి గ్రిల్‌కు తలుపు ఉందా అని ఏ ఇంట్లోనూ అడిగి ఊరుకోను. ముందు సాంచాలు నడపమంటాను. ఆ అదురులోనే ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లచేత కిటికీ తెరిపిస్తాను. విసుక్కుంటారు. విసుక్కోనీ, నాకూ విసుగే.

షెడ్డు బాగయ్యాక సదానందం ఇంటికీ వెళ్లాను. గడియ బిగించి ఉంది. రాజవ్వ దాన్ని తీసి ఒంటిచేత్తో రెక్క తోసింది. అలారం చెవులు చిల్లులు పడేలా మోగింది.

“ఇగ మూయే అవ్వా,” అన్నాడు సదానందం.

“కూయనీ కొడుకా,” అంది రాజవ్వ, రెక్క మీది చెయ్యి తియ్యకుండా. “గది కూస్తేనే గదా తెరుసుకున్నట్టు.”