సీట్లక్క కట్టిన బేసు పెట్టె

రెడీమేడ్ సీటు కవర్ల అట్టపెట్టెలు దుకాణంలో దిగిన రోజే సీట్లక్కకు తెలిసిపోయింది, తన కుట్టు మిషనుకు నూకలు చెల్లాయని. కారు సామాన్లు అమ్మే ఆ దుకాణంలో, నిటారుగా నిలబడితే కప్పు తగిలే అటక మీద, పదేళ్ళు నడుం వంచి కుట్టింది మహాతల్లి. ఎన్ని కార్ల సీట్లకు బట్ట తొడిగిందో ఆమెకే గుర్తులేదు. ఇప్పుడు అట్టపెట్టె విప్పితే చాలు, కవరు తయారు. ఇక ఆమెతో ఏం పని?

అదే వారం కార్లలో పాటల పెట్టెలు బిగించే ఫిట్టరు వేరే ఊళ్ళో పని దొరికి వెళ్ళిపోయాడు. మర్నాడు సీట్లక్క నిచ్చెన దిగి, తిన్నగా ఓనరు కౌంటరు ముందుకొచ్చి నిలబడింది.

"సార్, ఫిట్టరు పని నేను చేస్తాను."

ఓనరుకు తాగుతున్న టీ పొలమారింది. పక్కనే కుర్చీలో కాళ్ళు బార్లా చాపుకుని ఫోను చూసుకుంటున్న ఓనరు బామ్మర్ది పకపకా నవ్వాడు. ఫిట్టరు చోటు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కాచుక్కూర్చున్నది ఆయనే.

"కుట్టుపని కాదక్కా ఇది. కరెంటు! చెయ్యి కాలుతుంది."

"నీ చెయ్యి ఇంతవరకూ కాలలేదుగా బాబూ. ఎక్కడైనా పెడితే కదా కాలేది!"

ఓనరుకు నవ్వాగలేదు. నవ్వుతూనే అన్నాడు, "సరేనమ్మా, ముందు నీ బండిలో చేసి చూపించు. పాట పెడితే బేసుకు, ఆ గుమ్ముమనే మోతకు, ఈ కౌంటరు మీద గాజు అదరాలి. ఒకటో తారీఖు దాకా చూస్తాను. ఆ తర్వాత చోటు మావాడిది, పైనున్న మిషను అమ్మేస్తాను."

ఆయన మాటవరసకన్నాడు. ఆమె మాత్రం ఆ మాటను కొంగున ముడేసుకుంది. వేసుకోక ఏం చేస్తుంది? ఆ చోటు దక్కకపోతే నెల తిరిగేసరికి ఇంట్లో కూర్చోవాలి. పదేళ్ళు నేర్చుకున్నదంతా గంగలో కలిసినట్టే.

బండి అంటే పెద్ద బండేం కాదు. వాళ్ళాయన ఒకప్పుడు కిరాయికి తిప్పిన ముసలి కారు. వయసు మీరిందని కిరాయికి పనికిరాకుండా పోతే, ఇంటి ముందు దుమ్ము కొట్టుకుని పడి ఉంది. ఆయన ఇప్పుడు ఎవరిదో వ్యాను నడుపుతున్నాడు. సంగతి వినగానే తల గోక్కున్నాడు.

"దానికి బేసు దేనికే? స్టార్ట్ చేస్తే చాలు, వీధి వీధంతా అదురుతుంది."

"వాడి మాటలకేంలే," అని లోపల్నుంచి అత్తగారు అందుకుంది. "నీకేం కావాలో చెప్పవే కోడలా."

"చెక్క కావాలత్తయ్యా. మందంగా, గట్టిగా ఉండాలి. కొనాలంటే మనవల్ల కాదు."

అత్తగారు ఒక్క నిమిషం తన చీరల బీరువా వంక చూసింది. పెళ్ళైన కొత్తలో చేయించుకున్న బీరువా, ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. "ఆ తలుపులు రెండూ ఊడదీసుకో. నా చీరలకి ఓ పరదా కడితే చాలు. ఈ వయసులో వాటినెవడు ఎత్తుకుపోతాడు?" అంది.

అలా మొదలైంది పని. దుకాణం వెనక చెత్తలో పడేసిన పెద్ద స్పీకర్లు, బేసు కోసం పెట్టే ఊఫర్లు, రెండు దొరికాయి. "తీసుకుపో, చెత్తేగా," అన్నాడు ఓనరు. ఒకదానికి అంచు చుట్టూ ఉండే మెత్తని పట్టీ చివికిపోయింది. పట్టీ కొత్తది కొనాలట! కొనడానికి తానేమైనా బట్టపని చేతకానిదా? సాగే బట్టను గుండ్రంగా కత్తిరించి, దానికి రబ్బరు జిగురు పూసి, ఆరబెట్టి, ముడత లేకుండా అతికించింది. రెండోది ఎవరో ఎప్పుడో విప్పి బాగుచేసినదే కాబట్టి ముట్టుకోలేదు. యాంప్లిఫయరు పాత సామాన్ల కొట్టులో, మూత కూడా లేకుండా, అడిగిన ధరలో సగానికి వచ్చింది. ఆ సగానికీ గంటన్నర బేరమాడింది. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా లావుపాటి తీగ కావాలంటే వెల్డింగు షాపువాడి దగ్గర మిగిలిపోయిన కేబులు ముక్క అడిగి తెచ్చుకుని, మధ్యలో ఫ్యూజు పెట్టింది.

బీరువా తలుపులు కోసి పెట్టె బిగించాక అతుకుల్లో రంపపు పొట్టు, జిగురు కలిపి కూరింది. పెట్టెలో ఊఫరు ఒకటే పెట్టి, రెండో కంతకు చెక్క బిగించి, పాట సన్నగా వేసి, దారప్పోగు చేత్తో పట్టుకుని ఒక్కో అతుకు దగ్గరా నిలిపి చూసింది. దారం వణికిందంటే అక్కడ గాలి పోతున్నట్టే, మళ్ళీ జిగురు. ఈ కిటుకు ఆమెకెవరూ చెప్పలేదు. దారం పట్టుకున్న చెయ్యి కదా, దానికే తట్టింది.

ఒకటో తారీఖు ఇంకా మూడు రోజులుందనగా, ఆదివారం పొద్దున్న, రెండు ఊఫర్లూ బిగించి పాట పెట్టింది. ఇరుగుపొరుగు గుమికూడారు. ముందు తలుపుల్లోని చిన్న స్పీకర్లు కీచుమన్నాయి. బేసు మాత్రం సోదిలో కూడా లేదు. వాల్యూము పెంచింది. ఊహూఁ.

"పోనీలేవే, పెట్టె చూడ్డానికి బాగుంది," అన్నాడు వాళ్ళాయన.

అంతే, ఆమెకు ఒళ్ళు మండింది. "బాగుండటానికి కట్టానా దాన్ని? మీరెళ్ళి టిఫిన్ చెయ్యండి, నా జోలికి రాకండి!" అని డిక్కీలో తల దూర్చింది.

ఊఫరు ఒక్కటే కలిపి చూసింది, గుమ్ముగా మోగింది. దాన్ని విప్పి రెండోది కలిపింది, అదీ మోగింది. రెండూ కలిపితే చప్పున చల్లారిపోయాయి. ఇదెక్కడి విడ్డూరం?

"విడివిడిగా బంగారాలు, కలిస్తే మాటల్లేవు. మీ ఇద్దరిలాగే ఉన్నాయే," అంటూ అత్తగారు వచ్చి రెండు ఊఫర్ల మీదా చెరో అరచెయ్యి ఆనించింది. ఆవిడ మొహం మారింది. "ఇదేంటే, ఈ చేతిని తోస్తున్నప్పుడు ఆ చేతిని లాగుతోంది!"

సీట్లక్క పరుగున వెళ్ళి గోడ గడియారంలోని సెల్లు పీక్కొచ్చింది. తీగలు సెల్లుకు తాకించి చూసింది. ఒక ఊఫరు ముందుకు ఎగిరింది. అవే గుర్తుల ప్రకారం తాకిస్తే రెండోది వెనక్కి కుంగింది. ఆ రెండోదాన్ని బాగుచేసినవాడెవడో ప్లస్సు తీగకు గుర్తుగా పెట్టే ఎర్రచుక్కను తప్పు వైపు పెట్టాడు, ఆమె చుక్కను నమ్మింది. ఒకటి తోసిన గాలిని ఇంకొకటి మింగేస్తుంటే ఇంక బేసెక్కడిది? "మూడు వారాల కష్టం నీ చుక్క పాలైందిరా నాయనా!" అని ఆ ముక్కూమొహం తెలియని మనిషిని నోరారా తిట్టి, ఆ ఊఫరు తీగలు రెండూ అటుదిటు మార్చి కలిపింది.

ఈసారి పాట పెడితే వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. అత్తగారు గుండె మీద చెయ్యేసుకుని, "ఇంకాస్త పెంచవే!" అంది.

ఒకటో తారీఖున ముసలి కారు దుకాణం ముందుకొచ్చి ఆగింది. డిక్కీ తెరిచి పాట పెట్టగానే కౌంటరు మీది గాజు బుర్రుమని అదిరింది. గోడకు వేలాడే తాళం గొలుసులన్నీ చిందులేశాయి. తమ బండ్ల కోసం వచ్చి కూర్చున్న నలుగురూ లేచి బయటికొచ్చారు. ఓనరు గాజు మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. చూసుకుని ఏమన్నాడో తెలుసా?

"బాగుందమ్మా. నిజం చెప్పు, ఎవరితో చేయించావు?"

ఇంతకంటే చెంపమీద కొట్టినా బాగుండేది. సీట్లక్క కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. వాటిని అక్కడే మింగేసింది. పాట ఆపి, డిక్కీలోకి వంగి, ఎవరికీ కనబడకుండా ఒక ఊఫరు తీగలు రెండూ తారుమారు చేసి పక్కకు తప్పుకుంది.

"నేను చెయ్యలేదు కదా సార్. అయితే మీవాడిని మోగించమనండి."

బామ్మర్ది ఫోను జేబులో పెట్టి చొక్కా చేతులు పైకి మడిచాడు. ఫ్యూజు మార్చాడు. యాంప్లిఫయరు విప్పాడు. పాట మార్చాడు. చొక్కా చెమటతో తడిసింది తప్ప బేసు మాత్రం రాలేదు. గంట గడిచింది. బండ్లవాళ్ళు టైము చూసుకుంటున్నారు, ఆమె మెట్టు మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతోంది.

"యాంప్లిఫయరు పోయింది బావా," అన్నాడు చివరికి.

"సరేనమ్మా, నువ్వే చూడు," అన్నాడు ఓనరు.

ఆమె లేవలేదు. "ముందు ఆ మాట వెనక్కి తీసుకోండి."

"ఏ మాట?"

"ఎవరితో చేయించావన్నారే, ఆ మాట. అందరి ముందూ అన్నారు, అందరి ముందే తీసుకోండి. లేదంటే నా బండి తీసుకుని పోతా. ఎదురుగా రోడ్డు మీద డిక్కీ తెరుచుకుని కూర్చుంటా. ఎవరు ఎవరి దగ్గరికొస్తారో చూద్దాం."

ఓనరు నలుగురి వంకా చూశాడు. వాళ్ళలో ఒకాయన అప్పుడే తన బండి తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. "తప్పైంది," అన్నాడు గొణుగుతూ.

"వినబడలేదు సార్."

"తప్పైందమ్మా! నువ్వే చేశావు. చాలా?"

అప్పుడు లేచి, అందరూ చూస్తుండగా తీగలు సరిచేసింది. గాజు మళ్ళీ అదిరింది. ఓనరుకు ఇంకా మింగుడుపడలేదు. "పదేళ్ళుగా ఇక్కడే ఉన్నావు. ఈ పని నీకెప్పుడొచ్చింది?"

"పదేళ్ళూ మీ నెత్తి మీదే కూర్చున్నాను కదా సార్. కింద జరిగే ప్రతి పనీ చూశాను. మీరు ఒక్కసారైనా తలెత్తి చూశారా?"

పొద్దుట్నుంచీ కాచుకున్న ఒకాయన తాళాలు బామ్మర్ది మీదుగా చెయ్యి చాపి ఆమెకే అందించాడు. సీట్లక్క ఆ బండి తలుపు తీసి, డ్యాష్‌బోర్డు కిందికి దూరింది.

"బాబూ," అని లోపల్నుంచి బామ్మర్దిని పిలిచింది, "ఇక్కడ చీకటిగా ఉంది. కాస్త టార్చి పట్టుకో."