ఆయన బిగించినవి, నేను విప్పినవి

మా ఇంట్లో లైటు పట్టుకోవడం నా పని. కెనడా వచ్చి కేంబ్రిడ్జ్‌లో ఇల్లు కొన్నప్పటి నుంచి మా గ్యారేజీలో కారు పెట్టిన రోజు లేదు. అక్కడ మా ఆయన మోటారు సైకిలు ఉండేది. లేత్ మిషను దగ్గర డ్యూటీ దిగి, ఇంటికొచ్చి, అన్నం తిని, నేరుగా దాని పక్కన చతికిలబడేవాడు. నేను స్టూలు మీద కూర్చుని ఆయన చెయ్యి ఎటు పోతే అటు లైటు తిప్పాలి. కాస్త పక్కకి జరిగిందా, "నా మొహం మీద కాదే, చేతి మీద" అని కసిరేవాడు.

నాకు పెద్దగా చదువు రాదు. సంతకం, అంకెలు, చర్చిలో పాటల పుస్తకం, అంతవరకే. ఇదంతా నేను చెబుతుంటే రాసిపెడుతున్నారు. కానీ ఆ బండిలో ఏ బోల్టు ఎక్కడుందో, దాన్ని ఎందుకు బిగించాడో నా కళ్ళకి తెలుసు. ఏళ్ళ తరబడి చేతులు పెట్టింది ఆయన, చూసింది నేను.

పాడైపోయిన కారులోంచి తీసిన సూపర్‌ఛార్జర్‌ని ఆయనా, కాల్గరీలో ఉండే మా మరిదీ కలిసి కొన్నారు. ఇంజను తనంతట తాను పీల్చుకునే గాలి చాలదని, కొలిమికి తిత్తి ఊదినట్టు అది ఇంకొంత గాలిని లోపలికి తోస్తుంది. దాన్ని తిప్పడానికి ఇంజను నుంచి ఒక బెల్టు. మోటారు సైకిలు కోసం పుట్టిన వస్తువు కాదు గనక దాన్ని కూర్చోబెట్టడానికి ఆయన మందపాటి ఇనప పలక కోసి బ్రాకెట్ చేశాడు. బ్రాకెట్‌కి ఊతం, ఊతానికి మళ్ళీ ఊతం. వేడెక్కుతోందని పెద్ద రేడియేటర్. ఆయనకి కలపడం తప్ప తీయడం తెలీదు.

అంతా చేసి రేసు స్ట్రిప్‌కి తీసుకెళితే, ఛార్జర్ లేని రోజుల్లో పరిగెత్తినంత కూడా పరిగెత్తలేదు. పావు మైలు తిన్నని రోడ్డు అది. ఇద్దరిద్దరు పక్కపక్కన నిలబడి, లైటు పచ్చబడగానే వదలాలి. తిరిగొచ్చేటప్పుడు దారిలో చిన్న గది కిటికీలోంచి టైము కొట్టిన చీటీ ఇస్తారు. ఆయన అది చూసి మడిచి జేబులో పెట్టుకునేవాడు.

"ఇంకా బలం కావాలి దీనికి" అన్నాడొకసారి.

"బలం కాదు, బరువు తియ్యి" అన్నాను.

"నువ్వు లైటు సరిగ్గా పట్టుకో" అన్నాడు.

పోయిన శీతాకాలంలో ఆయన గుండె ఆగిపోయింది. దాని గురించి ఎంత చెప్పినా చెప్పినట్టుండదు, వదిలేస్తాను.

మంచు కరిగాక మరిది ఫోన్ చేశాడు. "వదినా, ఇక్కడొకాయన పాత బైకులు పోగేస్తాడు. అన్నయ్య బండి అడుగుతున్నాడు. ఆగస్టులో వచ్చి తీసుకెళ్తా."

"నన్నడక్కుండానే మాటిచ్చేశావా?"

"ఛార్జర్‌లో సగం నాదే కదా."

"అయితే నీ సగం విప్పుకుని పట్టుకుపో."

"జోకులు కాదు వదినా. అది పరిగెత్తని బండి. దుప్పటి కప్పి పెట్టుకుంటావా?"

పరిగెత్తని బండి అన్న మాట నాకు గుచ్చుకుంది. అన్నేళ్ళ ఆయన చేతిపనికి చివరికి ఆ పేరేనా మిగిలేది? ఛార్జర్ లేని రోజుల్లో ఆయన కొట్టిన మంచి టైము చీటీ గ్యారేజీ గోడకి అంటించి ఉంది. దాని వంక చూస్తూ అన్నాను: "నువ్వొచ్చే వారం స్ట్రిప్ మీద రేసుంది. మీ అన్నయ్య పాత టైముకంటే తక్కువలో నేను దీన్ని పరిగెత్తిస్తే బండి నాది. లేకపోతే ట్రైలర్ ఎక్కించుకుని పో."

"నువ్వు నడుపుతావా?"

"మీ అన్నయ్య నాకు లైసెన్సు తీయించింది బల్ల మీద పెట్టుకోవడానికా?"

చిన్న బండితో నేనూ కొన్నిసార్లు ఆ స్ట్రిప్ మీదికి దిగినదాన్నే. ఎప్పుడూ అందరికంటే వెనకే వచ్చేదాన్ని, అది వేరే సంగతి.

మొదటిసారి స్పానర్ నా చేతికొచ్చేసరికి లైటు పట్టుకునే మనిషి లేడు. నుదుటికి కట్టుకునే లైటు కొనుక్కొచ్చాను. స్నానాల గదిలో బరువు చూసుకునే మిషన్లు రెండు తెచ్చి చెరో చక్రం కింద పెట్టి, ఆ అంకెలు సుద్దముక్కతో నేల మీద రాశాను. ఇక మొదలుపెట్టాను. వెనక సీటు, దాని కింది ఇనప చట్రం, పక్క స్టాండు, పెద్ద బ్యాటరీ, రెండో మనిషి కాళ్ళు పెట్టుకునే కడ్డీలు. ఊతానికి పెట్టిన ఊతం, ఆ ఊతం కూడా. ఒక్కొక్కటీ విప్పి వంటింటి కాటా మీద పెట్టి చూసుకుంటే, బంగారం తూచుకున్నంత సంబరం.

చర్చి నుంచి ఒకావిడ నన్ను ఓదార్చడానికి బిర్యానీ పట్టుకొచ్చి గ్యారేజీలోకి తొంగి చూసింది. "ఏం చేస్తున్నావమ్మా?"

"బండిని సన్నబరుస్తున్నా."

"నీకు పుణ్యముంటుంది, అయ్యాక నన్ను కూడా చూడు" అని గిన్నె అక్కడ పెట్టింది. ఆయన పోయాక నేను నవ్వడం అదే మొదలు.

విప్పడానికి వీల్లేనివాటికి బెజ్జాలు వేశాను. కారు విడిభాగాల ఫ్యాక్టరీలో నా పని డ్రిల్లు దగ్గరే. ఛార్జర్‌ని మోసే ఆ ఇనప బ్రాకెట్‌ని జంతికల గొట్టం బిళ్ళలా చేసేదాకా నా చెయ్యి ఆగలేదు. అక్కడే తప్పు చేశాను. అది తర్వాత తెలిసింది.

ఆగస్టులో మరిది వచ్చి, ఊళ్ళో ట్రైలర్ అద్దెకి తీసుకుని, బండినీ నన్నూ స్ట్రిప్‌కి తీసుకెళ్ళాడు. ట్రైలర్ మీదికి ఎక్కించేటప్పుడు వెనక వైపు కాస్త లేపి చూసి, "ఇందులో ఇంజను ఉందా, తీసేశావా?" అన్నాడు.

మొదటి పరుగులో లైటు పచ్చబడగానే వదిలాను. ఛార్జర్ ఈల మొదలైంది, బండి నన్ను లాక్కుపోయింది. సగం దూరంలో ఠప్పుమని చప్పుడయింది, ఈల ఆగిపోయింది. బెల్టు జారిపోయింది. మిగతా దూరం పాల బండిలా వెళ్ళాను.

తోసుకుని వచ్చేసరికి మరిది ట్రైలర్ తలుపు దించి నిలబడ్డాడు. "చాలు వదినా. ప్రయత్నం చేశావు. ఎక్కిద్దాం."

"ఇంకో పరుగుంది. ఫోన్‌లో లైటు వేసి ఇటు పట్టుకో."

"ఇంత ఎండలో లైటేంటి?"

"ట్యాంకు కింద ఎండ ఉండదు. నా మొహం మీద కాదు, చేతి మీద పట్టు."

బెల్టు మళ్ళీ ఎక్కించి గట్టిగా లాగాను. పలక నా చేతి బలానికే తల వంచింది. అన్ని బెజ్జాలు వేశాక వంచదా మరి. పలక వంగితే పుల్లీ పక్కకి తిరుగుతుంది, బెల్టు జారుతుంది. నిటారుగా నిలబెట్టడానికి ఒక ఊతం కావాలి. నేను పీకేసిన ఊతాలన్నీ ఇంటి దగ్గర డబ్బాలో ఉన్నాయి.

పక్క ట్రైలర్ దగ్గర ఒక తెల్లాయన ఉన్నాడు. పెద్దవాడు, మా ఆయన్ని ఎరిగినవాడు. "అంకుల్, ఒక కడ్డీ కావాలి" అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగి, ఎక్కడ వంగుతోందో చూపించాను. ఆయన బ్రాకెట్ చూసి, "మీ ఆయనకి ఆపడం తెలీదు, నీకూ తెలీదు" అని నవ్వాడు. తన డబ్బాలోంచి రెండు చివర్లా మర ఉన్న కడ్డీ వెతికి తీశాడు. ఆయన డ్రిల్లుతోనే ఫ్రేముకున్న రేకుకి ఒక బెజ్జం వేసి, పలక తలనీ ఫ్రేమునీ కలిపి బిగించాను. ఇన్నాళ్ళూ తీస్తూ వచ్చి, అంత ఇనుము మళ్ళీ పెట్టాలంటే ప్రాణం ఉసూరుమంది.

మరిది లైటు పట్టుకునే అడిగాడు, "ఈ కడ్డీ బరువు ఎక్కువ కాదా?"

"పొద్దున నువ్వు తిన్న దోసెల్లో సగం ఉండదు."

బెల్టు మళ్ళీ లాగాను. పలక కదల్లేదు. తనిఖీ చేసే మనిషి కూడా వంగి చూసి, కడ్డీ ఊపి చూసి, సరే అన్నాడు.

రెండో పరుగుకి వరసలో నిలబడ్డప్పుడు హెల్మెట్ లోపల ప్రార్థన చేద్దామనుకున్నాను. ప్రభువా అన్నాను, అంతే. లైటు పచ్చబడింది.

ఈల లేచింది. ఈసారి అది ఆగలేదు. సన్నగా మొదలై, పైకి, ఇంకా పైకి పోయి, నా పళ్ళలో దూరింది. ముందు చక్రం నేల మీద ఉందో లేదో తెలీలేదు. పక్క వరసలో ఉన్న బండి నా కంటి చివర కాసేపు కనబడి, తర్వాత కనబడలేదు. ఆ బలమంతా ఆయన కట్టినదే. ఎప్పటినుంచో దాంట్లోనే ఉంది, ఇన్నాళ్ళూ ఇనుము కింద నలిగి పడుంది. నేను గట్టిగా అరుస్తూనే ఉన్నాను. బండి ఆగాక చూసుకుంటే నా గొంతు పూర్తిగా పోయింది.

కిటికీలోంచి ఇచ్చిన చీటీలో అంకె చూశాను. నాకు అంకెలు వచ్చు. అయినా తీసుకెళ్ళి మరిది చేతికిచ్చాను. "చదువు" అంటే ఊపిరే వచ్చింది, మాట రాలేదు.

అతను చదివాడు. మళ్ళీ చదివాడు. గోడ మీది పాత టైముకంటే తక్కువ, అదీ బాగా తక్కువ. "అన్నయ్య బరువు, నీ బరువు ఒకటేనా వదినా? ఇది తొండి" అన్నాడు.

"బండి మీద ఉన్నదంతా బండి బరువే" అని గుసగుసగా అన్నాను.

పక్కనున్న పెద్దాయనకి ఏమర్థమయిందో గానీ, వచ్చి నా వీపు తట్టి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, తన స్నేహితులని కేకేసి చూపించాడు. వాళ్ళు ఛార్జర్ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఇది ఎవరి పని అని అడిగారు. గొంతు లేదు గనక మరిదే జవాబు చెప్పాడు. "మా అన్నయ్య చేశాడు" అని ఆగి, "మా వదిన పరిగెత్తించింది" అన్నాడు.

ఆ తర్వాత కాస్త పక్కకి వెళ్ళి కాల్గరీకి ఫోన్ చేశాడు. బండి అమ్మకానికి లేదని చెప్పడం నాకు వినబడింది. తిరిగొచ్చి, ఒక ఫోటో తియ్యి వదినా అని బండెక్కి కూర్చున్నాడు. హ్యాండిల్ పట్టుకుని, కడుపు లోపలికి లాక్కుని, ముందుకి వంగాడు.

"వచ్చే ఏడు ఇంకా తగ్గించాలి. దీంట్లో ఇంకా ఏం తీసెయ్యొచ్చంటావ్?" అని అడిగాడు.

"ముందు నువ్వు దిగు" అన్నాను.