పెద్దాయన బ్యాటు తూకం

మా మేనత్తను అందరూ బ్యాట్లత్త అంటారు. క్రికెట్ బ్యాట్లు బాగుచేసే దుకాణం మామయ్యది. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక కొన్నాళ్ళు అత్త బ్యాటును కదలకుండా పట్టుకునేది, ఆయన చిత్రిక పట్టేవాడు. పోనుపోను ఆయన పట్టుకోవడం, ఆమె చిత్రిక పట్టడం అయింది. ఎప్పుడు మారిందో ఇద్దరికీ గుర్తు లేదు. కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి, "అయ్యగారు లేరా అమ్మా?" అని అడిగేవారు.

"ఉన్నారు. టీ తాగుతున్నారు. బ్యాటు ఇటివ్వండి," అనేది అత్త.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసినప్పటినుంచి అక్కడే పిడులకు దారం చుడుతున్నాను. నా పీట లోపలి మూలన ఉంటుంది. కొత్తవాళ్ళ ముందు నాకు మాట పెగలదు, అందుకని ఆ మూల బాగుంటుంది. అక్కడినుంచి బయటి బెంచీ కూడా కనిపిస్తుంది.

ఆ బెంచీ మీద రోజూ ఇద్దరు చేరతారు. ఒకరు పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన తాతయ్య, ఇంకొకరు పక్క కొట్టు దర్జీ బాబాయి. వాళ్ళకున్న తగువు ఒక్కటే. మా క్లబ్బు తరఫున ఒకప్పుడు ఆడిన పెద్దాయన గొప్పా, ఇప్పుడు ఆడుతున్న చిన్నోడు గొప్పా? పెద్దాయన పోయి చాలా ఏళ్ళయింది. చిన్నోడు మొన్ననే కెప్టెనయ్యాడు.

"తలకు టోపీ కూడా లేకుండా ఆడాడయ్యా ఆయన," అంటాడు తాతయ్య. "మీవాడికి ఇనప బుట్ట బోర్లించుకుంటే గానీ ధైర్యం రాదు."

"మీ ఆయన ఆడేటప్పుడు ఫీల్డర్లు పొట్టలు మోసుకుని నిలబడేవాళ్ళు. బంతి పక్కనుంచి పోతుంటే దారి ఇచ్చేవాళ్ళు. ఇప్పుడట్లా కాదు, పక్షుల్లా ఎగురుతున్నారు."

"పిచ్ మీద వాన పడితే ఆ తడి మీదే ఆడేవాడు."

"పడకపోతే మీరే నీళ్ళు పోసేట్టున్నారు."

అత్త ఎవరి వైపూ మాట్లాడదు. "బ్యాటు వాళ్ళిద్దరి చేతుల్లోనూ ఒక్కలాంటిది కాదు. ముందది తేల్చుకోండి," అంటుంది, తల ఎత్తకుండా.

ఆ మాట ఎట్లా చేరిందో క్లబ్బు సెక్రటరీ చెవిన పడింది. ఒకరోజు ఆయన గుడ్డలో చుట్టిన పొడవాటి మూటతో వచ్చాడు. అద్దాల బీరువాలో ఉండే పెద్దాయన బ్యాటు అది. సన్నటి అంచులు, ముదిరిన తేనె రంగు.

"ఆదివారం ప్రదర్శన ఆట పెడుతున్నాం. అచ్చం ఇట్లాంటి బ్యాటుతో చిన్నోడు ఆడతాడు. చేయగలరా?"

"చేస్తాను."

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. "మీకు తెలియంది కాదు. ఈ ఏడాది నుంచి క్లబ్బు బ్యాట్లన్నీ పెద్దబజారు దుకాణానికి ఇద్దామంటున్నారు మావాళ్ళు. అక్కడ మిషన్లున్నాయి. ఇది చూశాక నిర్ణయిస్తాం."

క్లబ్బు పని పోతే దుకాణం నడవదు. దుకాణం మూసేసి మా ఇంటికి వచ్చి ఉండమని మా నాన్న అత్తకు ఎప్పటినుంచో చెబుతున్నాడు. ఆమె ప్రతిసారీ వింటుంది, మర్నాడు మామూలుగానే తలుపులు తీస్తుంది.

ఆ సాయంత్రమే పని మొదలుపెట్టింది. తీగను పెద్దాయన బ్యాటు వీపు మీద వంచి, ఆ వంపును కొత్త చెక్క మీద గీసింది. వంపు కుదిరింది, అంచు మందం కుదిరింది. తక్కెడలో పెడితే మాత్రం కొత్తదే బరువు తూగింది. అత్త మళ్ళీ చిత్రిక అందుకుంది.

"ఇంకా పలచనైతే నిలవదేమోనే," అన్నాడు మామయ్య.

"ఆయనకు నిలిచింది కదండీ. తూకం సరిపోవాలి."

రెండు పళ్ళేలూ సమానంగా నిలిచేదాకా ఆమె ఆపలేదు. తర్వాత ఉప్పుకాగితంతో రుద్దింది, అవిసె నూనె పట్టించింది, చెక్క సుత్తితో ముఖమంతా కొట్టి గట్టిపరిచింది. పిడికి దారం నేను చుట్టాను.

నెట్స్‌లో చిన్నోడు దాన్ని గాల్లో ఊపి చూసి నవ్వాడు. "ఈకలా ఉందత్తా." కొన్ని బంతులు బాగానే ఆడాడు. ఆ తర్వాత ఒక బంతి నేరుగా కాళ్ళ దగ్గర పడింది. అతను బ్యాటు దించాడు. చప్పుడు వేరుగా వచ్చింది. బ్యాటు కింది మూల చెక్కు లేచి బౌలర్ కాళ్ళ దగ్గర పడింది.

తాతయ్య తన చెప్పులు చూసుకున్నాడు. దర్జీ బాబాయి వెళ్ళి బంతి ఏరుకొచ్చాడు.

"ఇక చాల్లేమ్మా," అన్నాడు సెక్రటరీ మెల్లగా. "ఆదివారానికి మామూలు బ్యాటుతోనే కానిస్తాం."

అత్త వెళ్ళి ఆ చెక్కుముక్క ఏరుకుంది. "ఆదివారం పొద్దున్నే ఇంకొకటి తెస్తాను."

"అదీ విరిగితే?"

"దుకాణానికి తాళం వేసి, తాళంచెవి మా తమ్ముడికి ఇస్తాను. మీరు పెద్దబజారుకు పోదురుగాని."

మా నాన్న మాట ఆమె నోటినుంచి రావడం నేను వినడం అదే మొదలు. దారి పొడుగునా ఆమె విరిగిన అంచును బొటనవేలితో తడుముతూ నడిచింది.

ఇంకో చెక్క కోసం అటక ఎక్కింది అత్త. మంచివి వెనకాల ఉన్నాయి. ముందు అడ్డంగా ఉన్న పాత దుంగ ఒకదాన్ని పక్కకు జరపబోయింది. ముడి ఉందని వాడకుండా వదిలేసిన దుంగ అది. జరపడం ఆపి, ఒంటిచేత్తో పైకెత్తింది. దించి మళ్ళీ ఎత్తింది.

"ఏమండీ, నేను కాపురానికి వచ్చిన కొత్తలో దీన్ని అటకెక్కించింది నేనేగా? అప్పుడు చెయ్యి లాగేసింది."

"అప్పుడది పచ్చిది. ఇన్నేళ్ళకు ఎండదా మరి?"

అత్త నిచ్చెన మీదే నిలబడిపోయింది. అక్కడినుంచి బల్ల మీదున్న పెద్దాయన బ్యాటును చూసింది.

"మరి అదీ ఎండింది కదండీ. అద్దాల బీరువాలో అన్నేళ్ళు. నేను తూచింది దాని ఇవాళ్టి బరువు. ఆయన ఎత్తి కొట్టింది ఇంతకంటే బరువైన బ్యాటు."

మామయ్య వణికే చేతుల్లోకి ఆ బ్యాటు తీసుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు. "ఇంత అనుభవం పెట్టుకుని నాకూ తట్టలేదే," అన్నాడు.

"తట్టి ఉంటే నా చేత ఒక మంచి చెక్క పాడుచేయించేవారు కాదు. పట్టుకోండి ఇటు."

ఈసారి తక్కెడ బల్ల కిందకు పోయింది. తీగ వంపునూ అంచు మందాన్నీ మాత్రమే నమ్మింది. చేతికి బరువుగా అనిపించినా ఇంకొక్క పొర కూడా తీయలేదు. నూనె పట్టించే పని మామయ్య అడిగి మరీ తీసుకున్నాడు. వణికే చేతులు ఆ పనికి అడ్డం రాలేదు. సుత్తి దెబ్బలకు దర్జీ బాబాయి మిషన్ ఆపి వచ్చి, తొంగి చూసి వెళ్ళాడు.

ఆదివారం చిన్నోడు బ్యాటు అందుకున్నాడు. ఈసారి ఈక అనలేదు. మణికట్టు తిప్పి చూసుకుని, పిడిని కాస్త కిందికి పట్టుకున్నాడు.

మొదట రెండు మూడు బంతులు అంచుకు తగిలి ఎటెటో పోయాయి. జనం నవ్వారు. ఒకటి మళ్ళీ కాళ్ళ దగ్గరే పడింది. నేను కళ్ళు మూసుకున్నాను. చప్పుడు నిండుగా వినిపించింది. కళ్ళు తెరిచేసరికి చిన్నోడు బ్యాటు కింది కొనను తిప్పి చూసుకుంటున్నాడు. అది చెక్కుచెదరలేదు. ఆ తర్వాత అతను విసిరి కొట్టడం మానేసి, బంతిని దగ్గరికి రానిచ్చి ఆడాడు. రెండు బంతులు గడ్డి మీద జారుతూ హద్దు దాటాయి. చివరికి స్లిప్‌లో క్యాచ్ ఇచ్చి దొరికిపోయాడు.

"చూశావా? పెద్దాయనైతే ఆ బంతిని వదిలేసేవాడు," అన్నాడు తాతయ్య.

"ఆయన చేతిలో అది ఏళ్ళ తరబడి ఉంది. మావాడి చేతిలోకి ఇవాళే వచ్చింది. మీ ఆయన్ని లేపుకొచ్చి ఈనాటి బ్యాటు ఇవ్వండి, మొదటి రోజు ఎట్లా ఆడతాడో చూద్దాం."

"ఆడతాడు."

"ఆడతాడులే," అన్నాడు బాబాయి. ఒప్పుకున్నాడో, ఎగతాళి చేశాడో తెలియలేదు.

చిన్నోడు చెమటతో అత్త దగ్గరికి వచ్చాడు. "ఇది నా దగ్గరే ఉంచుకోనా అత్తా? నెట్స్‌లో ఆడుకుంటాను."

"దాన్ని కూడా బీరువాలో పెడదామనుకున్నాం," అన్నాడు సెక్రటరీ.

"పెడితే అదీ ఎండిపోతుంది. తీసుకో నాయనా. నూనె పట్టించడం మర్చిపోకు," అంది అత్త.

రెండు రోజుల తర్వాత క్లబ్బు గోనెసంచి వచ్చింది. నేను విప్పి చూశాను. సగం బ్యాట్లే ఉన్నాయి. మిగతావి పెద్దబజారుకు పోయాయని తెచ్చినవాడు చెప్పాడు. దుకాణం తెరిచి ఉంచడానికి ఇవి చాలు. అయినా నాకు కోపం వచ్చింది, ఆ కొత్తవాడి ముందే మాట పెగిలింది కూడా.

"సగమే పంపారత్తా."

అత్త ఒక బ్యాటు తీసి, పగులు మీద వేలు పెట్టి చూసింది.

"మిగతా సగం కోసం అటక మీద చోటు చెయ్యి," అని నాతో అంది. "పట్టుకోండి ఇటు," అంది మామయ్యతో, చిత్రిక అందుకుంటూ.