మాగిన కాయ ముందు

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీశానో లేదో, ఎండుగడ్డి వాసనా మామిడి సొన వాసనా కలిసి గుమ్మంలోనే ఎదురొచ్చాయి. చిత్తూరు బస్సులో వచ్చిన అట్టపెట్టెను పక్కింటి లలిత తన దగ్గరుండే తాళంచెవితో తలుపు తీసి హాల్లో పెట్టి వెళ్లింది. ఈ నెలలో తిరుపతిలో మామిడి వాసన రాని ఇల్లు ఉండదు కాబట్టి అందులో వింతేమీ లేదు. కానీ ఏటా ఈ పెట్టె పంపే మనిషి పోయిన చలికాలంలో చనిపోయారు. ఇక పెట్టె రాదనే అనుకున్నాను. భుజాన ఉన్న సంచీ కూడా దించకుండా దాని పక్కన నేల మీద కూర్చుండిపోయాను. తాడు విప్పడానికి చాలాసేపు చెయ్యి రాలేదు.

ఆమె పేరు నాగరత్న. చిత్తూరులో మా ఆడపిల్లల జూనియర్ కాలేజీలో కామర్సు చెప్పేవారు. మనిషి పొడుగు, గొంతు ఇంకా పెద్దది. మా గదిలో ఆమె తరుగుదల లెక్కలు చెబుతుంటే పక్క గదిలో వృక్షశాస్త్రం వింటున్న వాళ్లకి కూడా అవి వచ్చేసేవి. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే ‘తీరిక లేక’ అని చెప్పి, అడిగినవాళ్ల ముఖం చూసి నవ్వేవారు. సందేహాలు అడిగే వంకతో మేము ఆమె ఇంటికి పోయేవాళ్లం. అసలు ఆకర్షణ ఆమె మంచం కింద ఉండేది. వాళ్ల అన్న మునిస్వామి తోట నుంచి పంపిన బేనీషా మామిడికాయల్ని అక్కడ వరిగడ్డిలో మాగబెట్టేవారు. మాలో ఎవరైనా వంగి కాయ మీద వేలు పెట్టామా, వంటింట్లోంచే కేక వినబడేది.

“ఒత్తద్దు మే! ముక్కు యాడికి పోయింది? వాసన సూడు. ఒత్తినావంటే ఒత్తిన కాడే కుళ్లిపోతాది.”

చదువు చెప్పడంలోనూ ఆమెది అదే పద్ధతి. లెక్క రాని పిల్ల నెత్తి మీద ఎన్నడూ నిలబడలేదు. ఓ పక్కగా కత్తిపీట ముందేసుకుని కూరగాయలు తరుగుతూ, పిల్ల తనంతట తాను ‘ఆఁ’ అనేదాకా ఆగేవారు. ఆ ‘ఆఁ’ నా నోటి నుంచి అందరికన్నా ఆలస్యంగా వచ్చేది. ఆమె మాత్రం ఒక్కసారీ గడియారం వైపు చూడలేదు. అప్పటిదాకా నన్ను అంత ఓపిగ్గా ఎవరూ చూడలేదు. ఆమె అంటే నాకు ప్రాణం.

వ్యాపారం చదవాలన్న పిచ్చి మాత్రం నాదే. మా నాయన పండించిన తోతాపురి కాయల్ని ఏటా ఇంకెవరో చెప్పిన ధరకి ఇచ్చి తలవంచుకుని రావడం చూసి, ఆ ధర చెప్పే బల్లకి అవతల ఏముందో తెలుసుకోవాలనుకున్నాను. మేడం పట్టుబట్టి మద్రాసులో ఒక పేరున్న కాలేజీ బీబీఏకి నాచేత దరఖాస్తు చేయించారు. అందులోకి పోవడానికి రెండు దారులు. ఇంటర్ కాగానే పరీక్ష, ఇంటర్వ్యూ నెగ్గి నేరుగా చేరడం ఒకటి. ఎక్కడైనా మొదటి ఏడు బీకాం చదివి, మళ్లీ పోటీపడి రెండో ఏట చేరడం ఇంకొకటి. ఆ రెండో దారిలో సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి. నాకు నేరుగానే సీటు వచ్చింది. నాయన టీ అంగట్లో అడిగినవాళ్లకి ఒకసారి, అడగనివాళ్లకి రెండుసార్లు చెప్పుకున్నాడు. నాకేమో అన్నం దిగలేదు. మొదటి ఏడు మార్కులు తగ్గితే సీటు తీసేస్తారట. నాదంతా తెలుగు మీడియం. ఇంటర్వ్యూ రోజు నా పక్కన కూర్చున్న పిల్లలు నవ్వడం కూడా ఇంగ్లీషులోనే నవ్వారు. సోమవారంలోగా వస్తానో రానో తేల్చి చెప్పాలి.

మేడం దగ్గరికి పోయి ఏడ్చాను. ఆమె నన్ను ఏడవనిచ్చి, మజ్జిగ ఇచ్చి, అప్పుడు మాట్లాడారు.

“ఇంగొక ఏడు ఆగితే ఏమయితాది? తిరుపతిలో బీకాం సదువు. శనివారం శనివారం ఈడికి రా, ఇంగ్లీషు నేను సూసుకుంటా. రొంత గట్టిపడినాక పోదువు. ఆ కాలేజీ యాడికీ పోదు.”

“రెండోసారి సీటు రాకపోతే మేడం?”

“రాకపోతే అప్పుడు సూద్దాం.”

నా గుండె మీది బరువు దిగిపోయింది. నిదానమే ప్రధానం అన్నారు కదా అనుకున్నాను. ఆలస్యం అమృతం విషం అన్నదీ మన పెద్దలే. కానీ భయపడేవాళ్లకి తమకు కావలసిన సామెతే ముందు గుర్తొస్తుంది.

ఆ ఆదివారం నాయనకి అన్నం తీసుకుని మామిడి గుజ్జు ఫ్యాక్టరీ దగ్గరికి వెళ్లాను. సీజన్‌లో దాని గేటు ముందు కాయల ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలబడి ఉంటాయి. రైతులు వాటి నీడనే తింటారు, అక్కడే పడుకుంటారు, అక్కడే తిట్టుకుంటారు. మా బండి గేటు దగ్గరికి వచ్చేసింది. నాయన ముఖం వెలిగిపోతోంది. అయితే వరస చివరి నుంచి పులిసిన వాసన వస్తోంది. పోయి చూస్తే ఒక ముసలాయన బండిలో కాయలు బాగా మాగిపోయి, అడుగు నుంచి రసం కారుతోంది. ఆయన కారుతున్న రసం వైపు చూస్తూ కూర్చున్నాడు. అలాంటి బండ్లు మధ్యలో ఇంకా కొన్ని ఉన్నాయి. నేను చూస్తూ ఉండలేకపోయాను. బండి బండికీ పోయి మాట్లాడటం మొదలుపెట్టాను.

“అన్నా, మీ కాయ గట్టిగా ఉండాది, రేపటికీ నిలుస్తాది. ఆ తాత కాయ ఈ పూట దాటదు. ముందుకి పోనీండి.”

“మేమేం ఊరికే పడుండామా మే ఈడ?” అన్నాడొకాయన.

“తాత కాయ ఈడనే సెడిపోతే దళారి వచ్చి వాడికి తోసిన ధరకి కొంటాడు. పొద్దున ఆ ధరే మీకందరికీ సెప్తాడు. అప్పుడేం సేస్తారు?”

ఆ మాటకి కొంచెం గుసగుస మొదలైంది. “సెప్పేదానికేం, ముందు మీ నాయన్ని బండి ఎనిక్కి తియ్యమను” అని ఎవరో అన్నారు. నాయన నా వైపు చూశాడు. తర్వాత గేటు వైపు చూశాడు. తినబోతున్న అన్నం మూతపెట్టి, ట్రాక్టరెక్కి, బండిని వరసలోంచి పక్కకి తీశాడు. ఆ తర్వాత ఎవరినీ ఎక్కువ బతిమాలాల్సిన పని పడలేదు. మాగినవి ముందుకి, గట్టివి వెనక్కి, తిట్టుకుంటూనే సర్దుకున్నారు.

వెనక్కి తిరిగితే మేడం. వాళ్ల అన్న బండి కూడా ఆ వరసలో ఉంటే, ఆయనకి పెరుగన్నం తెచ్చారట. ఎంతసేపటి నుంచి చూస్తున్నారో. నన్ను ఫ్యాక్టరీ గోడ నీడకి తీసుకుపోయారు.

“ఆ పని సెయ్యమని ఎవురు సెప్పినారు నీకు?”

“ఎవురూ సెప్పలేదు మేడం.”

“నేను నీకు తప్పు సెప్పినాను భారతీ. ఆగద్దు. మద్రాసుకే పో.”

“ఆగమనింది మీరే కదా? నాకు భయంగా ఉండాది.”

“నీకు భయం ఉండాది. నాకు ఆశ ఉండాది. ఇంగొక ఏడు నువ్వు శనివారం శనివారం మా ఇంటికి వస్తావని ఆశ. ఆ రెండూ కలిపి నీకు సలహా అని పెట్టినా. మాగిన కాయను గడ్డిలోనే దాసిపెడితే, అది నాకోసరం గానీ కాయకోసరం కాదు మే.”

పెళ్లి సంగతి అడిగినవాళ్ల ముఖం మీదే నవ్వే మనిషి, ఆ గోడ నీడలో కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. నేను ఎటు చూడాలో తెలియక నా కాళ్ల వైపు చూశాను.

“వాళ్లు తీసేస్తే?” అన్నాను.

“తీసేస్తే వచ్చెయ్. మా మంచం కింద జాగా ఉండాది.”

ఏడుస్తూనే నవ్వాను. సోమవారం నాయన, నేను మద్రాసు బస్సెక్కాం. మొదటి ఏడు సీటు నిజంగానే దారం మీద వేలాడింది. హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఆమెకి ఫోన్ చేసి ఏడ్చేదాన్ని. అటువైపు నుంచి కత్తిపీట మీద బీరకాయ తెగుతున్న చప్పుడు మాత్రం వినిపించేది. నా ఏడుపు అయ్యేదాకా ఆమె తరుగుతూనే ఉండేవారు. ఆ చప్పుడు పట్టుకుని ఒడ్డెక్కాను. ఇప్పుడు తడ దగ్గర ఒక పండ్ల రసాల ఫ్యాక్టరీలో కొనుగోళ్లు చూసే బల్ల వెనక కూర్చుంటున్నాను. ఎదుట ఎవరైనా రైతు కూర్చుంటే నా ధర చెప్పే ముందు ఆయన ధర అడుగుతాను.

హాస్టల్‌కి మొదటిసారి పంపినప్పటి నుంచీ ఆమె పెట్టె సర్దే తీరు మారలేదు. అడుగునంతా పచ్చికాయలు, అన్నిటికన్నా పైన ఒక్కటే మాగిన కాయ. “పైది వచ్చిన దినమే తిను. మిగిలినవి ఆగతాయి” అనేవారు.

నిన్న నేనింకా పెట్టె పక్కనే ఉండగా లలిత కూతురు హారిక వచ్చింది. దానికీ ఇప్పుడు అదే చిక్కు. బెంగళూరులో అలాంటి కాలేజీలోనే నేరుగా సీటు వచ్చింది. చేరడమా, ఇక్కడే ఒక ఏడు చదివి తర్వాత పోవడమా? రోజూ సాయంత్రం వచ్చి, నాతో టీ తాగి, ఈ ఒంటరి ఇంట్లో సందడి చేసిపోయే పిల్ల అది.

“నన్నేం చేయమంటారు ఆంటీ?” అంది.

‘తొందరేముంది, ఇక్కడే చదువు’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది ఎవరి ఆశో అప్పుడు తెలిసింది. నోరు మూసుకుని తాడు విప్పాను. గడ్డి తీయగానే పైన ఒక్కటే, పసుపు పచ్చగా మాగిన బేనీషా. పెట్టె పంపింది మేడం వాళ్ల అన్న మునిస్వామే అయ్యుండాలి. పైన ఒక్కటి మాగింది పెట్టాలని ఆయనకి ఆమె ఎప్పుడు చెప్పారో, చెప్పకుండానే ఆయన గమనించారో! అప్పటిదాకా ఆపుకున్నదంతా ఒక్కసారిగా పొంగుకొచ్చింది. హారిక కంగారుపడి నా భుజం పట్టుకుంది.

కాయ కోసి సగం దాని చేతిలో పెట్టాను.

“ఎవరూ చెప్పకుండా నీ అంతట నువ్వు చేసిన పని ఒకటి చెప్పు” అన్నాను.

అది రసం చప్పరిస్తూ ఆలోచనలో పడింది. వంటింట్లోకి పోయి బీరకాయలు తెచ్చుకుని దాని ఎదురుగా తరగడానికి కూర్చున్నాను. గడియారం వైపు చూడలేదు.